నిండు బరువు

ఇరవై కిలోల తూకం రాళ్లు పదిహేను ఉంటే, ఆ మంగళవారం మధ్యాహ్నం అయిదే పైకి వచ్చాయి. మిగతా పదీ కింద బండిలోనే ఉండిపోయాయి.

ధాన్యం గిడ్డంగిలో కాటా మొదటి అంతస్తులో ఉంటుంది. బస్తాలైతే కప్పీ తాడుకి వేలాడుతూ పైకి వస్తాయి గానీ, తూకం రాళ్లని కప్పీకి కట్టకూడదు. ఎక్కడైనా గోడకి తగిలి ఇసుమంత పెచ్చు ఊడిందంటే, ఇక జీవితాంతం ఆ రాయి అబద్ధమే చెబుతుంది. అందుకని చేత్తోనే మోయాలి. ఇరవై రెండు మెట్లు. కాటాలు పరీక్షించి ముద్ర వేసే తూకాలాయనకి యాభై నాలుగేళ్లు. అయిదో రాయి దించేసరికి మోకాళ్లు రెండూ మాట వినడం మానేశాయి.

అయిదు రాళ్లనీ కాటా నడిమధ్య పేర్చాడు. ముల్లు వంద దగ్గర నిలబడింది. ఒక వెంట్రుక అటూ లేదు, ఇటూ లేదు. ఆయన నింపాల్సిన కాయితంలో మూడు వరసలుంటాయి: ఖాళీ కాటా, మూడోవంతు బరువు, నిండు బరువు. మొదటిదాని ఎదురుగా ‘సరి’ అని రాశాడు. రెండోదాని ఎదురుగా ‘సరి’ అని రాశాడు. పెన్ను ఎత్తకుండానే మూడోదాని ఎదురుగా కూడా ‘సరి’ అని రాసి, సంతకం చేసి, సీసం బిళ్ల మీద ముద్ర కొట్టాడు.

గిడ్డంగి యజమాని గుమ్మంలోంచే, “అయిపోయిందా? మీ చెయ్యి పడితే దానికి ఇంకో ఏడాది ఢోకా లేదు,” అన్నాడు.

ఫోను మోగింది అప్పుడు. ఈ వరస ముఖ్యం. ముందు ముద్ర పడింది, తర్వాత ఫోను వచ్చింది.

“మీ ఆవిడ మళ్లీ పడిపోయింది. వచ్చి తీసుకెళ్లండి.”

బట్టల మిల్లులో ఆమె పని తప్పులు పట్టడం. అడుగున లైటు వెలిగే ఏటవాలు గాజుబల్ల మీద బట్ట మెల్లగా జారుతూ పోతుంటే, ఎదురుగా నిలబడి చూస్తుంది. చిరుగు కనిపిస్తే ఎర్ర దారం కడుతుంది, ముడి కనిపిస్తే చిన్న కత్తెరతో తీస్తుంది, నూనె మరక కనిపిస్తే మీటరు నెంబరు రాస్తుంది. ఎనిమిది బల్లలు, ఎనిమిది మంది ఆడవాళ్లు, రోజుకి తొమ్మిది గంటలు. ఒక్క స్టూలు కూడా లేదు.

తూకాలాయన వెళ్లేసరికి ఆమె గోడవారగా బెంచీ మీద కూర్చుని ఉంది. మోచేతికి కట్టు. వేళ్లకి ఇంకా కత్తెర తగిలించే ఉంది. ఆ హాలుకి పెద్ద అయినాయన మెడలో ఎప్పుడూ ఈల వేలాడుతుంటుంది కాబట్టి పనివాళ్లందరికీ ఆయన ఈలాయన. ఆయన ఎదురొచ్చాడు.

“మూడోసారండీ ఇది. మూడుసార్లూ నాలుగు గంటలకే. ఇంటికెళ్లే బస్సులాగా టైము తప్పదు.” చుట్టూ ఉన్నవాళ్లు నవ్వుతారేమోనని చూశాడు. ఎవరూ నవ్వలేదు. “మూడుసార్లూ బీపీ చూశాం. నిక్షేపంలా ఉంది. మరి మనిషి ఎందుకు పడుతుందో మీరే చెప్పండి.”

“నేనేం చెబుతానండీ?”

“నేను చెబుతాను. స్టూలు కావాలట. ఆవిడకిస్తే ఎనిమిది మందికీ ఇవ్వాలి. కూర్చుంటే కన్ను మగతపడుతుంది, చిరుగులు దాటిపోతాయి. ఇక్కడ నిలబడే చూడాలి. సోమవారం లోపల డాక్టరు కాయితం తెస్తే స్టూలు ఇస్తా. తేకపోతే ఆ బల్ల ఇంకొకరికి. ఇందులో నా చేతిలో ఏమీ లేదు.”

ఆమె లేచింది. గోడ పట్టుకోలేదు, మొగుడి చెయ్యి పట్టుకోలేదు. తన బల్ల దాకా వెళ్లి, ఆగిపోయిన రోల్ మీద తెల్ల సుద్దతో అడ్డంగా ఒక గీత గీసింది.

“ఇక్కడిదాకా చూశాను. ఇంకా పన్నెండు మీటర్లు ఉంది. అంచున ముడులున్నాయి. చూడకుండా పంపకండి,” అంది ఈలాయనతో.

“పడిపోయే మనిషికి ముడులెలా కనబడ్డాయమ్మా?”

“పడకముందు కనబడ్డాయి.”

బండి గిడ్డంగి దగ్గరే వదిలొచ్చాడు కాబట్టి ఇద్దరూ బస్సెక్కారు. తూకాలాయనకి ఒక అలవాటుంది. ముప్పై ఏళ్లుగా బజారులో తిరిగి తిరిగి, ఎవరేం చెప్పినా దాన్ని అరచేతిలో పెట్టుకుని ఊపి చూసినట్టు చూసి, కొంత తరుగు తీసేసి మిగిలింది నమ్ముతాడు. కొట్టువాడి మాటకి పావు, అధికారి మాటకి మూడొంతులు. ఇంటావిడ మాటకి ఎంత తీస్తున్నాడో ఆయన ఎప్పుడూ పైకి అనుకోలేదు. ఇంటికొచ్చాక, ఆమె కట్టు విప్పి చెయ్యి కడుక్కుంటుంటే, తువ్వాలు అందిస్తూ అడిగేశాడు.

“నిజంగా కళ్లు తిరిగాయా, లేక...?”

ఆమె తువ్వాలు తీసుకోలేదు. తడిచెయ్యి అలాగే గాల్లో పెట్టి ఆయన మొహంలోకి చూసింది.

“ఆ ‘లేక’ తర్వాత ఏముందో అది కూడా చెప్పండి.”

ఆయన తువ్వాలు మళ్లీ మడత పెట్టాడు.

“తలకి రక్తం సరిగ్గా అందుతోందో లేదో చూసే పరీక్ష ఉందట. పోయినసారి పడ్డప్పుడు డాక్టరు చీటీ రాసిచ్చాడు. వద్దులే, విశ్రాంతి తీసుకుంటే పోతుందన్నారు మీరు. గురువారం వెళ్దాం.” కొంగుతోనే చెయ్యి తుడుచుకుంది. “నేను రమ్మనడం లేదు. సంచీ పట్టుకోవడానికి ఒక మనిషి కావాలి.”

*

గురువారం ఆసుపత్రిలో స్కానింగ్ గది ముందు ఇరవై అయిదు మంది ఉన్నారు. తూకాలాయన లెక్కపెట్టాడు. పది గంటల నుంచి పన్నెండున్నర దాకా పదకొండు మంది లోపలికెళ్లి బయటికొచ్చారు. మనిషికి పదమూడు పద్నాలుగు నిమిషాలు. చెయ్యి తిరిగిన మనిషే ఉందన్నమాట లోపల, అనుకున్నాడు.

ఉంది. నలభై దాటిన సన్నటి ఆవిడ, కుడి మణికట్టుకి పట్టీ, చొక్కా చేతుల మీద ఎండిపోయిన జెల్లు మరకలు. సంచీ మనిషిని కూడా లోపలికి రానిచ్చింది.

“కుర్చీలో కూర్చోండి, మాట్లాడకండి. మీ మాట కూడా మా మిషన్‌కి వినబడుతుంది. అమ్మా, మీరు వెల్లకిలా పడుకోండి. కదలకండి.”

గదిలో వెలుతురు తక్కువ. ఆమె కణత మీద చల్లటి జెల్లు రాసి, స్కానింగ్ ఆవిడ పెన్సిలంత పొడుగున్న ఒక పుల్లలాంటిదాన్ని చెవికి ముందు ఆనించి, బియ్యపుగింజంత కదుపుతూ, వంచుతూ వెదికింది. మిషన్‌లోంచి ఉత్త గరగర. ఇంకాస్త పైకి. గరగర. ఇంకాస్త వెనక్కి.

“ఇక్కడ ఎముక పల్చగా ఉంటుంది. దాంట్లోంచే శబ్దం లోపలికి దూరుతుంది. మేం కిటికీ అంటాం. కొంతమందికి అది పుట్టుకతోనే మూసుకుపోయి ఉంటుంది. మీకు ఉంది గానీ... ఇరుగ్గా ఉంది... ఆఁ, ఇదిగో.”

గది నిండా ఒక్కసారిగా ఊపిరి నిండింది. హుష్... హుష్... హుష్... చీపురుతో నేల మీద ఎవరో తాపీగా ఊడుస్తున్నట్టు. తెర మీద చిన్న చిన్న కొండలు వరసగా పుట్టి ఎడమవైపుకి జరిగిపోతున్నాయి. తూకాలాయన కుర్చీ అంచుకి జరిగాడు. ముప్పై ఏళ్ల కాపురంలో ఆమె తల లోపల ఇంత చప్పుడు ఉందని ఆయనకి తెలీదు.

“అరవై రెండు,” అంది స్కానింగ్ ఆవిడ. “సెకనుకి అరవై రెండు సెంటీమీటర్లు. మెదడుకెళ్లే పెద్ద నాళంలో రక్తం పరుగు. బాగుంది.” రెండో కణత కూడా చూసింది. అరవై. “బాగుంది. లేవండమ్మా. జెల్లు తుడుచుకోండి. పక్క గదిలో కాయితం ఇస్తారు. తర్వాతవాళ్లు!”

కాయితం ఆమె చేతికే ఇచ్చారు. తప్పులు పట్టే కళ్లు కదా, పై నుంచి కిందకి వేలు పెట్టి చదివింది. పడుకుని: అరవై రెండు. కూర్చుని: తేడా లేదు. నిలబడి, అయిదు నిమిషాలు: తేడా లేదు. ముగింపు: మామూలుగా ఉంది.

వేలు మూడో వరస మీద ఆగిపోయింది.

“నేనెప్పుడు నిలబడ్డాను?”

తూకాలాయన కూడా చూశాడు. ఆయనకి ఆ అక్షరాలు చదవాల్సిన పని లేకపోయింది. ఒకే ఊపున, పెన్ను ఎత్తకుండా రాసిన రాత ఎలా ఉంటుందో ఆయనకి బాగా తెలుసు.

“పోనీలే. ఇంకోచోట చూపిద్దాం,” అన్నాడు.

“సోమవారం లోపలా?” ఆమె అప్పటికే తలుపు తోసింది.

లోపల ఒక పెద్దాయన పడుకుని ఉన్నాడు. స్కానింగ్ ఆవిడ తల తిప్పకుండానే, “బయట ఉండండి,” అంది.

“ఉంటాను. ఆయనది అయ్యేదాకా ఉంటాను. తర్వాత నన్ను నిలబెట్టి చూడండి. ఈ కాయితంలో నిలబడ్డానని రాశారు. నేను నిలబడలేదు.”

పెద్దాయన పరీక్ష అయిపోయింది. ఆయన జెల్లు తుడుచుకుంటూ ముగ్గురి మొహాలూ మార్చి మార్చి చూసి, కర్ర వెతుక్కుని వెళ్లిపోయాడు. స్కానింగ్ ఆవిడ తన మణికట్టు పట్టీ విప్పి మళ్లీ బిగించుకుంది.

“అమ్మా, నిలబెట్టి చూడాలంటే ఈ పుల్ల చేత్తో పట్టుకుంటే కుదరదు. తలకి పట్టీ కట్టాలి. పడితే పట్టుకోవడానికి ఇంకో మనిషి ఉండాలి. మనిషికి ముప్పావుగంట. బయట ఇంకా పన్నెండు మంది ఉన్నారు. నా చేతి కింద మనిషిని తీసేసి ఏడాదైంది. పడుకుని బాగున్నవాళ్లు నూటికి తొంభై మంది నిలబడ్డా బాగానే ఉంటారు.”

“మిగతా పదిమంది?”

ఆవిడ పుల్ల తుడిచి పక్కన పెట్టింది.

ఇక్కడ తూకాలాయనకి నోరు లేచింది. ఆయన ఉద్దేశం పెళ్లాం పక్షాన ఒక్క మంచి మాట అనడమే.

“మేడం, నాది తూకాల పని. ఖాళీ కాటా ఏదైనా సున్నాయే చూపిస్తుంది. అడుగున ఉక్కు అంచు ఎంత అరిగిపోయినా సరే, సున్నాయే చూపిస్తుంది. బరువు పెడితేనే దాని సంగతి బయటపడేది. మీరు బరువు పెట్టకుండానే ముద్ర కొట్టారు.”

స్కానింగ్ ఆవిడ ఆయన వైపు మొదటిసారి సరిగ్గా చూసింది.

“ఓహో. మీరు ముద్ర కొట్టిన ప్రతి కాటా మీదా నిండు బరువు పెట్టే కొట్టారా? ఒక్కటి కూడా వదల్లేదా?”

ఇలాంటి ప్రశ్నకి బజారులో ఆయన దగ్గర ఏడెనిమిది జవాబులు సిద్ధంగా ఉంటాయి. నాలుక చివర దాకా ఒకటి వచ్చింది కూడా. కానీ పక్కన ఆమె ఉంది. ఆ కాయితం మీద వేలు అలాగే పెట్టుకుని, ఆయన వైపే చూస్తోంది, లైటుబల్ల మీద బట్ట చూసినట్టు.

“లేదు,” అన్నాడు.

“ఎప్పుడు వదిలారు?”

“మొన్న మంగళవారం. పదిహేను రాళ్లు పెట్టాల్సినచోట అయిదే పెట్టాను. పది కిందే ఉన్నాయి.”

స్కానింగ్ ఆవిడ ముక్కుతో చిన్నగా నవ్వింది. వెక్కిరింపు కాదు. చేయి చాచి కాయితం తీసుకుంది. మూడో వరస మీద, తర్వాత ఆలోచించి రెండో వరస మీద కూడా గీత కొట్టి, పక్కన తన పొడి అక్షరం వేసింది.

“శనివారం మధ్యాహ్నం రెండింటికి రండి. అప్పటికి నా లిస్టు అయిపోతుంది. నాకు మనిషి లేడు కాబట్టి, మీ ఆవిణ్ణి మీరే పట్టుకోవాలి. రాళ్లు మోసిన చెయ్యే కదా.”

“అయిదు మోసిన చెయ్యి,” అంది ఆమె, సంచీ తీసుకుంటూ.

*

శనివారం ఆ గది ముందు బెంచీలు ఖాళీ. స్కానింగ్ ఆవిడ తలుపు లోపలి నుంచి గడియ పెట్టింది.

సైకిలు తొక్కేవాళ్ల టోపీ లాంటి పట్టీ ఒకటి ఆమె తలకి బిగించి, రెండు కణతల దగ్గరా చిన్న బిళ్లల్ని మరలతో తిప్పుతూ కుదిర్చింది. ఇరుకు కిటికీ కాబట్టి పావుగంట పట్టింది. హుష్... హుష్... దొరికాక మర బిగించి చెయ్యి తీసేసింది. చప్పుడు ఆగలేదు. చేతికి బీపీ పట్టీ, ముక్కు కింద ఊపిరి కొలిచే సన్నటి గొట్టం.

“భయపడి గబగబా ఊపిరి తీసినా తలలో రక్తం తగ్గుతుంది. తర్వాత డాక్టరు మొదట అడిగేది అదే. అందుకని ఇది కూడా పెట్టాను. మామూలుగా ఊపిరి తీసుకోండి.”

పది నిమిషాలు పడుకోబెట్టింది. అరవై రెండు. బీపీ నూట పద్దెనిమిది.

“ఇప్పుడు లేచి నిలబడండి. గోడకి ఆనకండి. మీరు ఆవిడ చెయ్యి కింద చెయ్యి పెట్టండి, పట్టుకోకండి. పడితేనే పట్టుకోండి.”

ఆమె నిలబడింది. తెర మీది కొండలు ఒక్కసారి కుంగి, యాభైకి దిగి, పది లెక్కపెట్టేలోపే మళ్లీ లేచి అరవైకి చేరాయి.

“చూశారా? నిలబడగానే రక్తం కాళ్లకి జారుతుంది. అప్పుడు తలలో సన్ననాళాలు వెడల్పయి తమ వంతు తాము లాక్కుంటాయి. పైన ఎంత తేడా వచ్చినా మెదడుకి అందేది తగ్గకూడదు. మీవి బాగానే లాక్కున్నాయి.”

తూకాలాయన తెరనే చూస్తున్నాడు. బాగుందంటే సంతోషించాల్సిన మనిషి, బాగుందంటుంటే బెంగపడుతున్నాడు. ఆ బెంగలో ఆయనకి ఒక సంగతి తెలిసింది: ఎప్పుడు మారాడో తెలీదు గానీ, ఆయన ఇప్పుడు ఆమె మాట వైపున ఉన్నాడు.

మూడు నిమిషాలు. యాభై తొమ్మిది. నాలుగు. యాభై తొమ్మిది. అయిదు. యాభై ఎనిమిది. బీపీ నూట పదిహేడు.

స్కానింగ్ ఆవిడ పెన్ను తీసింది. “అయిదు నిమిషాలైంది. నిజంగానే తేడా లేదమ్మా. ఈసారి చూసి రాస్తున్నాను.”

“రాయకండి,” అంది ఆమె. తల కదపకూడదు కాబట్టి ఎదురుగోడతో మాట్లాడుతున్నట్టుంది. “నా దగ్గరికి వంద మీటర్ల రోల్ వస్తుంది. మొదటి అయిదు మీటర్లూ ఎవరైనా బాగానే నేస్తారు. చూసేవాళ్లు అక్కడే చూస్తారని వాళ్లకీ తెలుసు. అది చూసి నేను రోల్ మొత్తానికి సంతకం పెడితే, మీరు వేసుకున్న చొక్కా ఈపాటికి వీపు మీద చిరిగి ఉండేది. నేను నిలబడగానే పడనండీ. నిలబడి నిలబడి పడతాను.”

“కాయితంలో అయిదు నిమిషాలనే ఉంది.”

“కాయితం చిన్నదైతే పక్కన రాయండి.”

స్కానింగ్ ఆవిడ పెన్ను జేబులో పెట్టుకుని, స్టూలు లాక్కుని కూర్చోబోయి, ఏమనుకుందో, కూర్చోకుండా నిలబడింది.

ఎనిమిది నిమిషాలు. యాభై ఆరు. పది. యాభై రెండు. ఊపిరి గొట్టం అంకె కదల్లేదు. పన్నెండు. నలభై ఏడు. చీపురు చప్పుడు బరువెక్కింది. ఊడ్చే మనిషి అలసిపోయినట్టు, మధ్యలో ఆగి ఆగి ఊడుస్తోంది. బీపీ పట్టీ బుస్సుమని బిగిసి వదులైంది. నూట పదహారు.

“బీపీ అలాగే ఉంది,” అంది స్కానింగ్ ఆవిడ, గొంతు తగ్గించి. “చేతిలో అలాగే ఉంది. తలలో పోతోంది.”

“లైటు పచ్చగా అవుతోంది,” అంది ఆమె. మాటలు ఒక్కొక్కటీ విడివిడిగా వస్తున్నాయి. “నాలుగు... అయినట్టుంది.”

“ఆపేద్దామా?” అన్నాడు తూకాలాయన.

“ఇంకా పన్నెండు మీటర్లు ఉంది,” అంది ఆమె.

పద్నాలుగో నిమిషంలో తెర మీద ముప్పై ఎనిమిది. అది ఆయన చూడలేదు. ఆయన అరచేతి మీదికి ఆమె మోచెయ్యి మెల్లగా దిగింది. ముందు ఆకంత. తర్వాత పుస్తకమంత. ఆ తర్వాత మనిషంత. జీవితంలో లక్ష బరువులు ఎత్తి చూసిన చెయ్యి అది, గ్రాముల్లో కూడా అంచనా తప్పదు. అందులో నటన ఇసుమంత ఉన్నా దానికి తెలిసిపోయేది. తరుగు తీయడానికి ఏమీ లేదు.

“పడుకోబెట్టండి!”

ఇద్దరూ కలిసి పడుకోబెట్టారు. కాళ్లు ఎత్తి దిండు పెట్టారు. యాభై. యాభై ఏడు. అరవై ఒకటి. నిమిషం తిరక్కుండా కొండలన్నీ మళ్లీ లేచి నిలబడ్డాయి. ఆమె కళ్లు తెరిచి మొదట మొగుడి మొహం చూసింది. తర్వాత స్కానింగ్ ఆవిడ వైపు తిరిగింది.

“రాసుకున్నారా?”

“రాసుకున్నాను. పద్నాలుగు నిమిషాలూ మిషన్‌లో ఉన్నాయి.” ఆవిడ పట్టీ మరలు విప్పుతూ, మనసులో ఏదో లెక్క వేసుకుంది. “మిగతా పదిమంది అన్నారు కదా మొన్న. ఈ ఏడాదిలో మీలాగే బీపీ బాగుండి, పడిపోతున్నామని వచ్చినవాళ్లు కనీసం నలభై మంది ఉంటారు. అందరికీ తేడా లేదనే రాశాను.”

ఆమె కణత మీది జెల్లు తుడుచుకుంది. తూకాలాయన దిండు సర్దాడు. ఆవిణ్ణి తప్పు పట్టే హక్కు ఆయనకెక్కడిది.

“వాళ్ల నెంబర్లు పుస్తకంలో ఉంటాయి. శనివారాలు ఉన్నాయి,” అంది ఆవిడ, తనలో తాను అనుకుంటున్నట్టు.

*

సోమవారం పొద్దున డాక్టరు ఆ బొమ్మల్ని రెండుసార్లు చూసి సంతకం చేశాడు. కదలకుండా నిలబడి పది నిమిషాలు దాటితే తలకి రక్తం అందడం తగ్గిపోతోంది; పనిలో కాళ్లు కదుపుతూ ఉండబట్టి నాలుగింటిదాకా నెట్టుకొస్తోంది. బీపీ మామూలుగా ఉన్నంత మాత్రాన బాగున్నట్టు కాదు. కూర్చుని పని చేసుకోవచ్చు. నీళ్లు ఎక్కువ తాగాలి, కాళ్లకి బిగుతు మేజోళ్లు వేసుకోవాలి.

ఈలాయన ఆ కాయితాన్ని వెనక్కి తిప్పి కూడా చూశాడు. వెనక ఏమీ లేదు.

“సరే, నాదేం పోయింది. స్టూలే కదా.” క్యాంటీన్ నుంచి ఒకటి తెప్పించాడు. పొట్టిది. ఆమె కూర్చుంటే గాజుబల్ల అంచు గడ్డం దగ్గరికి వచ్చింది. మిగతా ఏడుగురూ పని ఆపకుండానే ఓరకంట చూస్తున్నారు.

“ఇది బల్ల కింద దాక్కోవడానికి పనికొస్తుంది. నేను బట్ట పైవైపు చూడాలి,” అంది ఆమె.

ఎవరో కిసుక్కుమన్నారు. ఈసారి అందరూ నవ్వారు. ఈలాయన మొహం ముడుచుకుని, తన గదిలోంచి తాను కూర్చునే ఎత్తు స్టూలే మోసుకొచ్చి పెట్టాడు. ఆమె ఎక్కి కూర్చుంది. మంగళవారం సుద్దగీత గీసిన రోల్ అడిగింది.

“అది శుక్రవారమే వెళ్లిపోయింది.”

“చూశారా?”

ఈలాయన ఈల సర్దుకున్నాడు. “అంచున ముడులున్నాయని కొన్నవాళ్లు తిప్పి పంపారు.”

ఆమె కొత్త రోల్ ఎక్కించి లైటు వేసింది. కాసేపటికి పక్కబల్ల ఆవిడ, చూపు బట్ట మీంచి తిప్పకుండా, పెదాలు కదిలీ కదలకుండా అడిగింది. “వదినా, ఆ పరీక్ష ఎక్కడ చేస్తారు?”

“నీకేమైంది?”

“ఏమీ లేదు. నాలుగింటప్పుడు లైటు పచ్చగా కనబడుతుంది.”

“శనివారం. రెండింటికి. అయిదు నిమిషాలకి ఆపనివ్వకు.”

హాలు గుమ్మం దాకా వచ్చి, ఎత్తు స్టూలు మీద ఆమె కూర్చోవడం తలుపు అద్దంలోంచి చూసి, తూకాలాయన బండి తీసుకుని తిన్నగా ధాన్యం గిడ్డంగికి వెళ్లాడు.

యజమాని ఆశ్చర్యపోయాడు. “ముద్ర కొట్టి వారం కూడా కాలేదు. ఎవడైనా ఫిర్యాదు చేశాడా?”

“లేదు.”

“మరి?”

“పోయినసారి పది రాళ్లు కిందే ఉండిపోయాయి.”

“ఉంటే ఉండనీవయ్యా. వాటికేమైనా ఆకలేసిందా? ముల్లు సరిగ్గానే చూపించింది కదా.”

“వంద దగ్గర చూపించింది. మీరు మూడేసి బస్తాలు ఒకేసారి ఎత్తి తూస్తారు. అది మూడు వందలు.”

యజమాని నవ్వు తగ్గించాడు. “చూడు, నువ్విప్పుడు ఆ ముద్ర పగలగొడితే వచ్చే ఏడాది ఇంకొకణ్ణి పిలుచుకుంటాను.”

“పిలుచుకోండి. వాడికి కూడా మెట్లు ఇరవై రెండే.”

మొదటి రాయి ఎత్తాడు. ఈసారి తొందరపడలేదు. ఒక రాయి, ఇరవై రెండు మెట్లు, పైన పది ఊపిర్లు, మళ్లీ కిందకి. అయిదు అయ్యేసరికి చొక్కా తడిసిపోయింది. పైన కప్పీ దగ్గర ధాన్యం తెచ్చిన రైతులు నలుగురు కూర్చుని ఉన్నారు. ఈయన ఎందుకు మోస్తున్నాడో వాళ్లకి తెలీదు. తొమ్మిదో రాయికి వాళ్లలో ఒకతను లేచి, “ఇలా ఇవ్వు, అన్నా,” అన్నాడు. తూకాలాయన తల అడ్డంగా ఊపాడు. పోయినసారి ఎగ్గొట్టిన పదీ ఆయనవి.

పదిహేనో రాయి దించి, కాటా నాలుగు మూలలా సర్ది, ఆగి, ముల్లు నిలబడేదాకా చూశాడు. మూడు వందలు ఉండాల్సినచోట రెండు వందల తొంభై నాలుగు. రాళ్లు దింపి మళ్లీ పేర్చాడు. రెండు వందల తొంభై నాలుగు. అడుగున ఉక్కు అంచు అరిగిపోయింది. కొద్ది బరువుకి ఓర్చుకుంటుంది. నిండు బరువు పడ్డప్పుడే జారుతుంది.

మూడు బస్తాలకి ఆరు కిలోలు. ఎన్నాళ్ల నుంచో ఎవరికి తెలుసు.

రైతులు లేచి ముల్లు చుట్టూ మూగారు. యజమాని మెట్ల మీదే నిలబడిపోయాడు. తూకాలాయన పట్టకారు తీసి తన ముద్ర తానే కత్తిరించాడు. సీసం బిళ్ల నేల మీద పడి గుండ్రంగా తిరిగి పడుకుంది. కొత్త కాయితంలో మూడో వరస ఎదురుగా ‘సరి’ అన్న మాట రాయలేదు. ‘నిండు బరువు: ఆరు కిలోలు తక్కువ. బాగు చేసేదాకా తూకం వేయరాదు’ అని రాసి, కిందన తేదీ వేశాడు. పోయిన మంగళవారం నాటి కాయితం మీద గీత కొట్టి, స్కానింగ్ ఆవిడ వేసినట్టే పక్కన పొడి అక్షరం వేశాడు.

ఇంటికొచ్చేసరికి ఆమె అప్పటికే వచ్చి, మోడా మీద కాళ్లు చాపుకుని కూర్చుని ఉంది. ఆయన గుమ్మం పట్టుకుని, నడుము మీద చెయ్యి వేసుకుని, అంగుళం అంగుళం వంగుతూ చాప మీదికి దిగాడు. దిగుతూ అబ్బా అన్నాడు.

“ఎన్ని?” అంది.

“పదిహేను.”

“ముల్లు?”

“ఆరు తక్కువ.”

ఆమె లేచి, గోడ పట్టుకోకుండా నడిచి వెళ్లి, వేడినీళ్లలో తువ్వాలు ముంచి పిండి తెచ్చింది. ఆయన వీపు వెనక కూర్చుని, నడుము మీద వేయబోయి, తువ్వాలు గాల్లోనే ఆపింది.

“నిజంగా నొప్పేనా,” అంది, “లేక...?”

ఆయన నవ్వబోయాడు. నడుము పట్టేసి నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. ఆమె వేడి తువ్వాలు అద్ది, రెండు చేతులతో గట్టిగా, తన బరువంతా ఆనించి నొక్కింది.